అడుగు పడనిచోట తోడు

గదిలోంచి వరండాలోకి రావాలంటే మధ్యలో ఒక గడప దాటాలి. పార్కిన్సన్స్ వ్యాధి ముదిరిన పెద్దాయన అక్కడిదాకా మెల్లగానైనా నడిచి వస్తాడు. గడప ఎదుటికి వచ్చేసరికి పాదాలు నేలకు అంటుకుపోతాయి. కాళ్ళలో సత్తువ ఉంది. కీళ్ళు బాగానే ఉన్నాయి. బయటికి పోవాలన్న ఆత్రమూ ఉంది. అయినా అడుగు లేవదు. ఇంట్లోవాళ్ళు చెయ్యి పట్టి లాగితే ఒళ్ళు ముందుకు వంగుతుంది, కాళ్ళు వెనకే ఉండిపోతాయి, మనిషి బోర్లా పడతాడు. లాగకుండా పక్కన నిలబడి, మన పాదాన్ని ఆయన పాదానికి కొంచెం ముందు అడ్డంగా పెట్టి, "తాతా, నా కాలు దాటు" అంటే చాలాసార్లు అడుగు పడుతుంది.

మనిషి మారలేదు, కాళ్ళు మారలేదు, గడపా మారలేదు. లోపలినుంచి రావలసిన ఆజ్ఞ రానప్పుడు బయటినుంచి ఒక గుర్తు అందింది, అంతే. పార్కిన్సన్స్ ఉన్నవారికి తోడు ఎందుకు కావాలో ఈ ఒక్క అడుగు చెబుతుంది. తోడును మనం దయ కింద, మందును వైద్యం కింద జమకట్టి రెండిటినీ వేరుచేస్తాం. ఈ జబ్బులో అలా వేరుచేయడం కుదరదు. పక్కనున్న మనిషి పెట్టే లెక్క, వేసే తాళం, గీసే గీత, ఓపికగా వినే చెవి రోగి మెదడులో ఇంకా చెడని దారులగుండా పనిచేస్తాయి. గద్వాల దగ్గరి ధరూర్ లాంటి మండలంలో అలాంటి తోడు ఇవ్వగలవారు ఎవరంటే విద్యార్థులనే నా సమాధానం. అది ఎందుకు సాధ్యమో, ఎలా సాధ్యమో చెప్పడానికే ఈ అధ్యాయం.

మెదడులో తగ్గేది ఏమిటి

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురి కథలతో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. వారిలో కొందరు ఆయన దగ్గరికి వైద్యానికి వచ్చినవారు కారు. వీధిలో వారి నడకను, వంగిన నడుమును, వణికే చేతిని చూసి ఆయన జబ్బును గుర్తుపట్టాడు. ఆ తర్వాత ఫ్రెంచి నాడీవైద్యుడు షార్కో ఈ వ్యాధికి పార్కిన్సన్ పేరు స్థిరపరిచాడు. పార్కిన్సన్ పుట్టినరోజైన ఏప్రిల్ 11ను ఇప్పుడు ప్రపంచ పార్కిన్సన్స్ దినంగా జరుపుకుంటున్నారు. మన ఆయుర్వేద గ్రంథాలు ఇలాంటి లక్షణాలను కంపవాతం పేరుతో వర్ణించాయి.

మెదడు అడుగుభాగంలో, మధ్యమెదడులో, నల్లని రంగు పదార్థం నిండిన నాడీకణాల గుంపు ఉంటుంది. శాస్త్రవేత్తలు దాన్ని సబ్‌స్టాన్షియా నైగ్రా అంటారు. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసి, కదలికల్ని నడిపించే లోతైన కేంద్రాలకు పంపుతాయి. పార్కిన్సన్స్‌లో ఆ కణాలు ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా చనిపోతాయి. కణాల లోపల ఆల్ఫా సైన్యూక్లీన్ అనే ప్రోటీను ముద్దలు కడుతుంది. వణుకు బయటపడే నాటికే డోపమైన్ చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందునుంచే వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కలవరించి చేతులు కాళ్ళు విసరడం ఉండవచ్చు. ఆ రోజుల్లో వాటిని ఎవరూ ఈ జబ్బుతో ముడిపెట్టరు.

డోపమైన్ కథలో మన నేల మొక్కలు రెండుచోట్ల కనిపిస్తాయి. సర్పగంధి వేరునుంచి తీసిన రిసర్పిన్ మందు ఇస్తే కుందేళ్ళు కదలకుండా ముడుచుకుపోయేవి. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ వాటికి లెవోడోపా ఇచ్చాడు. మెదడు డోపమైన్ తయారుచేసుకునే ముడిసరుకు అదే. కుందేళ్ళు లేచి తిరిగాయి. ఈ పరిశోధనకు 2000 సంవత్సరంలో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన పొలాల గట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో అదే లెవోడోపా ఉందని అంతకు 20 ఏళ్ళ ముందే, 1937లో, మద్రాసులో ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి వేరుచేసి చూపారు. 1960లో వియన్నాలో హార్నికీవిచ్ బృందం చనిపోయిన రోగుల మెదళ్ళను పరీక్షించి డోపమైన్ బాగా తగ్గిపోయిందని తేల్చింది. 1960ల చివర్లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ లెవోడోపాను నోటిద్వారా మెల్లమెల్లగా మోతాదు పెంచుతూ ఇచ్చి, మంచంపట్టినవారిని నడిపించాడు. ఇప్పటికీ ఈ జబ్బుకు అసలైన మందు అదే. మెదడుకు చేరకముందే అది డోపమైన్‌గా మారిపోకుండా కార్బిడోపాతో కలిపి మాత్రగా ఇస్తారు. దూలగొండి గింజలను సొంతంగా నూరి తాగేవారు మాత్రం జాగ్రత్తపడాలి. ఒక్కో గింజలో మందు ఎంత ఉందో తెలియదు. మాత్రతో కలిస్తే మోతాదు మించిపోతుంది.

లెవోడోపా పోయిన కణాలను తిరిగి తేదు. కొన్నేళ్ళు గడిచాక మాత్ర వేసుకున్న కొద్దిసేపటికి ఒళ్ళు తేలికపడుతుంది, మూడు నాలుగు గంటలకు ఆ ప్రభావం దిగిపోతుంది. ఒకే రోజులో ఒకే మనిషి పొద్దున గేటుదాకా నడుస్తాడు, మధ్యాహ్నం మంచం మీద పక్కకు ఒత్తిగిల్లలేడు. చూసేవారికి ఇది నటనలా, మొండితనంలా తోస్తుంది. "ఇందాక నడిచినావు కదా, ఇప్పుడేమైంది?" అన్న మాట ఈ రోగులు విననిరోజు ఉండదు. ఆ మాట అనకుండా ఉండాలంటే జబ్బు పనిచేసే తీరు తెలియాలి. తోడుగా వచ్చే విద్యార్థి నేర్చుకోవలసిన తొలి పాఠం ఇదే.

చెడని దారి

రోజూ చేసే కదలికలు చాలావరకు మనం ఆలోచించకుండానే జరిగిపోతాయి. గద్వాల మగ్గం మీద కూర్చున్న నేతన్న ప్రతి పోగుకూ నాడెను ఎలా విసరాలో ఆలోచించడు. నడక, గుండీ పెట్టుకోవడం, అన్నం కలపడం అలాంటివే. అలవాటైన ఆ కదలికల్ని మొదలుపెట్టడం, ఒకదాని వెంట ఒకటి నడిపించడం డోపమైన్ అందే లోతైన కేంద్రాల పని. డోపమైన్ తగ్గితే ఆ సులువు పోతుంది. అడుగు పొట్టిదవుతుంది, అక్షరం చిన్నదవుతుంది, గొంతు దిగిపోతుంది.

అయితే కదలికకు అదొక్కటే దారి కాదు. కంటికి కనిపించిన గీతను బట్టి, చెవికి వినిపించిన తాళాన్ని బట్టి కదిలినప్పుడు మెదడు పైపొరలోని వేరే భాగాలు, చిన్నమెదడు ఎక్కువ పని అందుకుంటాయి. పార్కిన్సన్స్‌లో ఈ దారి చాలాకాలం మెరుగ్గానే ఉంటుంది. లండన్ వైద్యుడు జేమ్స్ పర్డన్ మార్టిన్ నేల మీద అడ్డగీతలుంటే ఆగిపోయిన రోగులు వాటిని దాటుతూ నడవగలగడం గమనించి 1967లో తన గ్రంథంలో రాశాడు. నిలువుగీతలు అలా పనిచేయవు, అడ్డగీతలే కావాలి. 1996లో అమెరికాలో మైకేల్ థాట్ బృందం రోగులకు మూడు వారాలపాటు తాళానికి తగ్గట్టు నడిచే శిక్షణ ఇచ్చి చూస్తే నడక వేగం సుమారు 25 శాతం పెరిగింది. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు ఇంకా ఆశ్చర్యమైన రోగిని చూశారు. 58 ఏళ్ళ ఆయన నాలుగడుగులు వేయలేక పడిపోయేవాడు. అదే మనిషి సైకిలెక్కి చక్కగా తొక్కుతూ వెళ్ళాడు, మలుపులూ తిరిగాడు. దిగగానే మళ్ళీ కాళ్ళు ఆగిపోయాయి. తిరిగే పెడలే ఒకదాని తర్వాత ఒకటిగా కాళ్ళకు గుర్తు అందించి ఉండవచ్చని వారు భావించారు.

తోడు మనిషి విలువ ఇక్కడ కొలతకు దొరుకుతుంది. సుద్దముక్కతో మూరెడు దూరానికో అడ్డగీత గీయడానికి ఖర్చు లేదు. "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అని లెక్కపెట్టడానికి యంత్రం అక్కర్లేదు. పాలమూరు పల్లెల్లో పెద్దల చెవుల్లో తాళం ఎప్పుడూ ఉంది. శనివారం భజనలో చెక్కలు వాయించినవారు, కోలాటం ఆడినవారు, బతుకమ్మ చుట్టూ చప్పట్లు చరిచినవారు, నాట్లేస్తూ పాడినవారు ఇప్పుడు 70 దాటి మంచానికి దగ్గరవుతున్నారు. ఆ తాళాలు వారికి కొత్తగా నేర్పనక్కర్లేదు. కాలేజీ పిల్లవాడు పక్కన నిలబడి వారికి తెలిసిన భజన పాటనే చప్పట్లతో అందుకుంటే అది నడక శిక్షణ అవుతుంది. పుణెలో నృత్యకారుడు హృషీకేశ్ పవార్ పార్కిన్సన్స్ ఉన్నవారితో నాట్య తరగతులు నడిపింది, అంతకుముందు 2001లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నృత్యబృందం అలాంటి తరగతులు మొదలుపెట్టింది ఈ ఎరుకతోనే.

నడిచేటప్పుడు కబుర్లు మాత్రం వద్దు. ఆలోచించకుండా నడిచే సులువు పోయినవారు ప్రతి అడుగునూ మనసుపెట్టి వేస్తారు. పక్కనుంచి "తాతా, మీ పెద్దోడు హైదరాబాద్‌లో ఏం పనిచేస్తున్నాడు?" అని అడిగితే మనసు ఆ ప్రశ్నమీదికి పోతుంది, కాలు ఆగుతుంది. ప్రేమగా అడిగిన మాటే ఆయన్ను కింద పడేయవచ్చు. నడిచేటప్పుడు నడక, కూర్చున్నాక మాట.

ముఖం చెప్పనిది

ఈ జబ్బు కాళ్ళనే కాదు, ముఖాన్నీ బిగిస్తుంది. రెప్పలు తక్కువగా ఆడతాయి. చిరునవ్వు పెదాలదాకా రాదు. లోపల నవ్వుతున్న మనిషి బయటికి కోపంగానో, దిగులుగానో, ఏమీ పట్టనట్టో కనిపిస్తాడు. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు లిండా టికిల్ డెగ్నెన్ ఈ విషయం మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. ముఖం బిగుసుకున్న రోగులను చూసి శిక్షణ ఉన్న వైద్యసిబ్బంది కూడా వారి స్వభావాన్ని తప్పుగా అంచనా వేస్తారని ఆ పరిశోధనల్లో తేలింది. వైద్యులకే అలా ఉంటే ఇరుగుపొరుగు సంగతి చెప్పనక్కర్లేదు. "పలకరిస్తే ముఖం మాడ్చుకుంటున్నాడు" అనుకుని రావడం మానేస్తారు. గొంతు కూడా సన్నబడటంతో చెప్పిందే మళ్ళీ చెప్పలేక ఆయనా మాట్లాడటం తగ్గిస్తాడు. జొల్లు కారుతుందనో, చాయ్ గ్లాసు వణికి ఒలుకుతుందనో పెండ్లిళ్ళకు పోవడం మానేస్తాడు. ఇంటిగుమ్మంలోంచి మనిషి మెల్లగా ఊరికి దూరమవుతాడు.

ఈ ఒంటరితనానికీ జబ్బు తీవ్రతకూ సంబంధం ఉంది. కరోనా ఏడాది 2020లో ఇందు సుబ్రమణియన్, సహచరులు అమెరికానుంచి ప్రచురించిన అధ్యయనంలో ఒంటరిగా ఉన్నామని చెప్పిన రోగుల్లో లక్షణాలు ఎక్కువ తీవ్రంగా, జీవన నాణ్యత తక్కువగా కనిపించాయి. జబ్బు పెరగడం వల్ల ఒంటరివారవుతారా, ఒంటరితనం వల్ల జబ్బు బరువెక్కుతుందా అన్నది ఒక్క అధ్యయనంతో తేలదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయని అనుకోవడానికి కారణాలున్నాయి. బయటికి పోనివారు నడవరు. నడవనివారి కండరాలు కరుగుతాయి. మాట్లాడనివారి గొంతు ఇంకా దిగిపోతుంది. దిగులు కూడా ఈ జబ్బులో చాలామందికి వస్తుంది. అది మనసు బలహీనత వల్ల వచ్చేది కాదు, మెదడులో రసాయనాలు తగ్గడంలో అదీ భాగమే.

2001లో కెనడాలోని వాంకూవర్ పరిశోధకులు మందు పేరుతో ఉత్త సూది వేసినా, మేలు జరుగుతుందని ఆశించిన పార్కిన్సన్స్ రోగుల మెదడులో డోపమైన్ విడుదలైందని స్కానింగ్‌లో చూపారు. ఆశకు మెదడులో రసాయన రూపం ఉందన్నమాట. దీన్నిబట్టి తోడు ఉంటే మాత్ర అవసరం లేదని ఎవరూ అనుకోకూడదు. మిగిలిన డోపమైన్ కూడా మనుషులను, ఎదురుచూపులను బట్టి పనిచేస్తుందని మాత్రం దీన్నుంచి గ్రహించవచ్చు. శనివారం పొద్దున పది గంటలకు ఫలానా పిల్లవాడు వస్తాడని తెలిసిన పెద్దాయనకు ఆ వారంలో ఎదురుచూడటానికి ఒక రోజు ఉంటుంది.

గొంతు విషయంలో తోడు చేయగలిగినది ఇంకా స్పష్టం. 1987లో అమెరికాలో లొరేన్ రామిగ్ బృందం లీ సిల్వర్‌మన్ అనే రోగి పేరుమీద ఒక గొంతు చికిత్సను రూపొందించింది. దాని మూలసూత్రం చాలా చిన్నది: గట్టిగా మాట్లాడు. రోగికి తన గొంతు తనకు మామూలుగానే వినిపిస్తుంది, ఎదుటివారికి మాత్రం గుసగుసలా ఉంటుంది. అందుకే "అరిచినట్టు అనిపించినా సరే, అంత గట్టిగా" అని ఎవరో గుర్తుచేస్తుండాలి. శిక్షణ పొందిన చికిత్సకులు గద్వాల ప్రాంతంలో సులభంగా దొరకరు. పేపరు చేతికిచ్చి "గట్టిగా చదువు తాతా, నేను గేటు దగ్గర నిలబడి వింటా" అనే పిల్లవాడు దొరుకుతాడు. చదువు రానివారు తాము విన్న పద్యం, పాడిన పాట, ఊరి కథ గట్టిగా చెప్పవచ్చు.

నడిగడ్డ లెక్క

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. గద్వాలనుంచి జూరాల ప్రాజెక్టుకు పోయే దారిలో ధరూర్ మండలం ఉంది. ఇక్కడినుంచి హైదరాబాద్ సుమారు 200 కిలోమీటర్లు. నాడీవైద్యుణ్ణి చూడాలంటే కర్నూలుకో, రాయచూరుకో, హైదరాబాద్‌లోని నిమ్స్‌కో పోవాలి. వణికే మనిషిని బస్సెక్కించి తీసుకుపోవడానికి ఇంట్లో ఒకరు కూలి మానుకోవాలి. పాలమూరు వలసల గురించి చెప్పనక్కర్లేదు. తరాలుగా ఇక్కడి యువకులు ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు పోయారు. ఊళ్ళో మిగిలింది పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు. ఇద్దరే మిగిలిన ఇంట్లో ఒకరికి ఈ జబ్బొస్తే, మోకాళ్ళ నొప్పులున్న రెండోవారు నర్సు అవుతారు.

నడిగడ్డకు ఇంకో ప్రత్యేకత ఉంది. ఇది విత్తన పత్తి నేల. సాయంత్రం మొగ్గలోని కేసరాలు తీసేసి, మర్నాడు పొద్దున వేరే మొక్క పుప్పొడిని అద్దే పనిని ఇక్కడ క్రాసింగ్ అంటారు. వేళ్ళ సున్నితం లేనిదే ఆ పని జరగదు. అవే చేనుల్లో పురుగుమందుల వాడకమూ ఎక్కువే. 2011లో అమెరికాలో కారొలైన్ టానర్ బృందం పురుగుమందులు, కలుపుమందులు వాడినవారిని పరిశీలించి, పారాక్వాట్ గానీ రొటెనోన్ గానీ వాడినవారిలో పార్కిన్సన్స్ సుమారు రెండున్నర రెట్లు ఎక్కువని తేల్చింది. ఒక మనిషికి వచ్చిన జబ్బు ఫలానా మందువల్లే వచ్చిందని దీన్నిబట్టి చెప్పలేం. వయసు, వంశం, ఇంకా తెలియని కారణాలు కలిసి పనిచేస్తాయి. కానీ చేతితొడుగులు, ముక్కుగుడ్డ లేకుండా కలుపుమందు కొట్టేవారికి ఈ సంగతి చెప్పడం మన బాధ్యత. పెద్దాయన ఇంటికి పోయిన విద్యార్థి అదే ఇంట్లో కొడుకుకు ఈ మాట చేరవేయగలడు.

ప్రపంచంలో పార్కిన్సన్స్ ఉన్నవారు 1990లో 25 లక్షలు, 2016లో 61 లక్షలు. 2019 నాటికి 85 లక్షలు దాటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనదేశంలో 2016లో సుమారు 5.8 లక్షలమంది. ఊళ్ళో వీరు కనిపించకపోవడానికి కారణం ఉంది. కొందరిని పక్షవాతం కింద, కొందరిని ముసలితనం కింద జమకడతారు. వణుకు లేకుండా ఒట్టి బిగుతుతో, నెమ్మదితనంతో వచ్చే పార్కిన్సన్స్‌ను అసలు జబ్బనే అనుకోరు.

ఇదే నేలమీద ఇటీవల ఒక మార్పు వచ్చింది. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. 2022నుంచి జాతీయ వైద్య కమిషన్ పాఠ్యప్రణాళికలో కుటుంబ దత్తత కార్యక్రమం భాగమైంది. ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థి మొదటి ఏడాదినుంచే పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, తర్వాతి ఏళ్ళలోనూ మళ్ళీ మళ్ళీ వారింటికి వెళ్ళాలి. బీపీ, షుగర్, రక్తహీనత చూడటానికి ఏర్పడిన ఈ సందర్శనలు పార్కిన్సన్స్ ఉన్న ఇంటికి ఎంతో పనికొస్తాయి. డిగ్రీ, జూనియర్ కళాశాలల్లో 1969లో మొదలైన జాతీయ సేవా పథకం ఉంది. దాని కింద వాలంటీరు రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి. వారానికి రెండు గంటల చొప్పున ఒకే ఇంటికి వెళ్ళినా ఆ లెక్కలో చాలా భాగం నిండుతుంది.

విద్యార్థిని రోగికి స్నేహితుడిగా జతచేసే పద్ధతికి ఇప్పటికే అనుభవం ఉంది. 1997లో షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం మొదటి ఏడాది వైద్యవిద్యార్థులను అల్జీమర్స్ తొలిదశలో ఉన్నవారితో జతకలిపింది. ఏడాదిపాటు కలిసి తిరగాలి, కబుర్లు చెప్పుకోవాలి. వైద్యం చేయకూడదు. మతిమరుపుకు పనికొచ్చిన ఆ పద్ధతి పార్కిన్సన్స్‌కు ఇంకా బాగా పనికొస్తుందని నా నమ్మకం. ఎందుకంటే ఇక్కడ రోగికి విద్యార్థి పేరు, వచ్చే రోజు, గత వారం చెప్పిన కథ చాలామటుకు గుర్తుంటాయి. స్నేహం రెండువైపులా పెరుగుతుంది. మనదేశంలో ముంబై కేంద్రంగా 2001నుంచి పనిచేస్తున్న పార్కిన్సన్స్ డిసీజ్ అండ్ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ రోగులను, కుటుంబాలను ఒకచోట చేర్చే బృందాలను నడుపుతోంది. నగరాల్లో రోగులే కేంద్రానికి వస్తారు. పల్లెలో తోడే ఇంటికి పోవాలి.

ఆ రెండు గంటల్లో

ఇద్దరు విద్యార్థులు కలిసి వెళ్ళాలి. మొదటి రెండు మూడు సార్లు ఆశా కార్యకర్త వెంట ఉంటే ఇంటివారికి నమ్మకం కుదురుతుంది. వెళ్ళే వేళ రోగిని అడిగే నిర్ణయించాలి, మాత్ర బాగా పనిచేసే గంటలు ఆయనకే తెలుసు. వెళ్ళగానే కాళ్ళకు దండంపెట్టి హడావుడి చేయకుండా, పక్కన కూర్చుని, ప్రశ్న అడిగాక జవాబుకు ఆగాలి. ఆ ఆలస్యంలో మాట పూర్తిచేసి ఇవ్వాలన్న తొందర అణచుకోవడమే విద్యార్థికి కష్టమైన పని.

మొదట ఒక నోటు పుస్తకం తెరవాలి. మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారు, ఎప్పటికి ఒళ్ళు కదిలింది, ఎప్పటికి దిగిపోయింది, ఎప్పుడు పడ్డారు అని రాయాలి. మూడునెలలకొకసారి కొద్ది నిమిషాలు చూసే నాడీవైద్యుడికి ఈ పుస్తకం ఎంతో విలువైనది. మాత్ర వేళలు గోడమీద పెద్దక్షరాలతో అంటించాలి. లెవోడోపాతో పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రోటీను పేగులో ఒకే దారికి పోటీపడుతుంది. అందుకే సాధారణంగా అన్నానికి అరగంటో గంటో ముందు మాత్ర వేసుకోమంటారు. జొన్నరొట్టె, పప్పు తిన్న వెంటనే వేసుకుని "మందు పనిచేయడం లేదు" అనుకునే ఇంట్లో ఈ ఒక్క మార్పు తేడా చూపిస్తుంది. మోతాదు పెంచడం, తగ్గించడం, మానేయడం మాత్రం విద్యార్థి పని కాదు. ఈ మందును ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు.

ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒకసారి చూసి పేర్లు రాసుకుని పీహెచ్‌సీ డాక్టరుకు చూపాలి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక సమస్యలకు ఇచ్చే హాలోపెరిడాల్ డోపమైన్‌కు అడ్డుపడి పార్కిన్సన్స్‌ను పెంచుతాయి. తలతిరుగుడుకు ఏళ్ళ తరబడి వాడే సినారిజిన్, ఫ్లూనారిజిన్ కూడా ఇలాంటి వణుకు, బిగుతు తేగలవు. ఊళ్ళో ఆర్‌ఎంపీ వేసిన సూది తర్వాత తాత మంచంపట్టాడంటే కారణం అదే కావచ్చు.

తర్వాత నడక. వరండాలో అడ్డగీతలు, లెక్క, చప్పట్లు. ఆగిపోతే లాగకూడదు. ఆగు, నిలబడు, బరువు ఈ కాలిమీదినుంచి ఆ కాలిమీదికి మార్చు, ఇప్పుడు పెద్ద అడుగు. తిరిగేటప్పుడు ఉన్నచోటే గిర్రున తిరగకుండా అర్ధచంద్రంలా చుట్టి రావాలి. మంచం మీదినుంచి ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, కాసేపు కూర్చుని లేవాలి. దారికి అడ్డంగా ఉన్న చాపలు, వైర్లు, చెప్పులు తీసేయాలి. రాత్రి బాత్రూం దారిలో లైటు ఉండాలి. 2012లో అమెరికాలో ఫుజాంగ్ లీ బృందం 195 మందితో చేసిన అధ్యయనంలో వారానికి రెండుసార్లు తాయ్ చీ కదలికలు చేసినవారు తక్కువగా పడ్డారు. తాయ్ చీ రాకపోతే నష్టం లేదు. బరువు మార్చుకుంటూ, నెమ్మదిగా, క్రమం తప్పకుండా కదలడమే అందులోని సారం.

కాగితాల పనిలోనూ విద్యార్థి అవసరం. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఉంది. చాలా కుటుంబాలకు ఈ సంగతి చేరలేదు. ధ్రువపత్రానికి దరఖాస్తు చేయించడం, శిబిరానికి తీసుకుపోవడం, 40 శాతం వైకల్యం ఉంటే అందే సాయాల గురించి చెప్పడం చదువుకున్న పిల్లల చేతిలో పని. పెద్దలకు కష్టం వస్తే 14567 నంబరుకు ఫోన్ చేయవచ్చని చెప్పడమూ అంతే.

ఆ ఇంట్లో రెండో మనిషిని మరవకూడదు. రాత్రి మూడుసార్లు లేచి ఆయన్ను పక్కకు ఒత్తిగిలించే అవ్వకు ఆ రెండు గంటలు సొంతం కావాలి. పిల్లలు ఉన్నారన్న ధైర్యంతో ఆమె గుడికి పోవచ్చు, చెల్లెలింటికి పోవచ్చు, నిద్రపోవచ్చు.

హద్దులూ ఉన్నాయి. డబ్బు విషయాలు ముట్టుకోకూడదు. ఇంట్లో విన్నది కాలేజీలో చెప్పకూడదు. ఫోటో తీసి నలుగురికీ పంపకూడదు. అన్నిటికంటే ముఖ్యం, చెప్పకుండా మాయం కాకూడదు. పరీక్షలొచ్చినా, చదువు పూర్తయినా ముందే చెప్పి, తన తర్వాత వచ్చే జూనియర్‌ను వెంటబెట్టుకుని వచ్చి పరిచయం చేసి సెలవు తీసుకోవాలి. రాని మనిషికోసం ఎదురుచూడటం ఈ రోగులకు ఇప్పటికే చాలా అలవాటు. దాన్ని ఇంకా పెంచకూడదు.

పిల్లవాడికి దక్కేది

ఆసుపత్రి వార్డులో వైద్యవిద్యార్థి జబ్బును ఒక్క ముక్కగా చూస్తాడు. వణుకు ఎంత, బిగుతు ఎంత అని కొలిచి పక్క మంచానికి పోతాడు. ఒకే ఇంటికి ఏడాదిపాటు వెళ్ళినవాడు ఆ జబ్బు పొద్దున ఎలా ఉంటుందో, పండగనాడు ఎలా ఉంటుందో, కొడుకు ఊరినుంచి వచ్చినరోజు ఎలా ఉంటుందో చూస్తాడు. కదలని ముఖంలో నవ్వును కళ్ళ చివరలనుంచి పట్టుకోవడం నేర్చుకుంటాడు. రేపు వీరిలో ఒకరు ఏ పీహెచ్‌సీలోనో కూర్చున్నప్పుడు, చెయ్యి ఊపకుండా నడిచి లోపలికి వచ్చిన 60 ఏళ్ళ రైతును చూసి జబ్బును ముందే అనుమానించగలిగితే, ఆ రైతుకు ఏళ్ళు కలిసొస్తాయి. పార్కిన్సన్ వీధిలో నడిచేవారిని చూసి నేర్చుకున్నది కూడా ఇలాంటి చూపే.

డిగ్రీ చదివే పిల్లలకు వైద్యం రాకపోవచ్చు. వారికి దక్కేది ఈ నేల జ్ఞాపకం. జూరాల కట్టకముందు కృష్ణ ఎలా పారేదో, ముంబై బస్సెక్కినప్పుడు చేతిలో ఏముండేదో, మగ్గం మీద కొంగును చీరకు ఎలా కలిపేవారో చెప్పగలవారు ఇంకా మన మధ్యే ఉన్నారు. వారి గొంతు సన్నబడుతోంది, మాట నెమ్మదిస్తోంది. వినడానికి ఓపిక ఉన్నవాడికే ఆ కథ అందుతుంది.

ధరూర్‌లో దీన్ని మొదలుపెట్టడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఆశా కార్యకర్తలు తమ ఊళ్ళల్లో వణుకు, బిగుతు, నెమ్మదితనం ఉన్న పెద్దల పేర్లు రాయాలి. పీహెచ్‌సీ డాక్టరు వారిని చూసి, అవసరమైనవారిని జిల్లా ఆసుపత్రికి పంపి జబ్బు నిర్ధారించాలి. గద్వాల కళాశాలల అధ్యాపకులు ఒప్పుకున్న విద్యార్థులకు ఒక్క పూట శిక్షణ ఇచ్చి, ఇద్దరిద్దరిగా ఒక్కో ఇంటికి అప్పగించాలి. నెలకోసారి అందరూ కూర్చుని ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పుకోవాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్ కళాశాలలకూ ఇదే దారి పనికొస్తుంది. పార్కిన్సన్స్‌ను నయం చేసే మందు ఇంకా దొరకలేదు. ఉన్న మందు పూర్తి మేలు చేసేలా చూడటం, ఆగిన కాలికి గుర్తు అందించడం, దిగిన గొంతును వినడం మాత్రం ఈ వారమే, మన ఊళ్ళోనే, మన పిల్లల చేత అవుతుంది. చేయగలిగిన పని కాబట్టి అది చేయవలసిన పని.